దాణా గింజా, తిండి గింజా?

(సంవాదం)

స్థలం: ఎన్టీఆర్ జిల్లా జి. కొండూరులో ఒక ఇంటి వెనక వసారా.

కాలం: మే నెల మొదటి వారం. బంగినపల్లి కోతలు నడుస్తున్నాయి. రబీ మొక్కజొన్న పట్టాల మీద ఆరుతోంది.

మాట్లాడుకునేవాళ్లు: అత్త – ఆరోగ్య శాఖలో హెల్త్ విజిటర్‌గా పనిచేసి రిటైరయ్యారు, ఇప్పుడు మామిడితోట, మెట్టచేను చూసుకుంటున్నారు. అల్లుడు – ఆమె అన్న కొడుకు. కొన్నేళ్లుగా నైరోబీలో ఉద్యోగం, సెలవు మీద వచ్చాడు.

అత్త: పొయ్యి మీద ఎసరు నువ్వు పెట్టావా? అన్నం వార్చి గంటయింది కదరా.

అల్లుడు: అన్నానికి కాదత్తా, ఉగాలీకి. నైరోబీ నుంచి రెండు కిలోల పిండి పొట్లం తెచ్చుకున్నాను. ఇవాళ మధ్యాహ్నం అందరికీ అదే.

అత్త: ఏం పిండి?

అల్లుడు: మొక్కజొన్న పిండి. వేడినీళ్లలో పోసి కెలికి ముద్ద చేస్తారు. కెన్యా, టాంజానియాల్లో ఉగాలీ. ఉగాండాలో పోషో, మలావీలో న్సీమా, జాంబియాలో న్షీమా, జింబాబ్వేలో సడ్జా, దక్షిణాఫ్రికాలో పాప్. ఆ దేశాల్లో కోట్లమందికి అన్నం అదే.

అత్త: కోళ్ల దాణాని విమానంలో మోసుకొచ్చావన్నమాట. పెరట్లో పట్టాల నిండా అదే ఆరబోసి ఉంటే!

అల్లుడు: నా ఆలోచనా అదే. ఈ పొట్లం అయిపోయాక మన గింజే నాలుగు కిలోలు మర పట్టించుకుందామని.

అత్త: ఆ ఒక్కటీ అడక్కు. నీ పొట్లం నువ్వు వండుకో, తింటాను, కాదనను. ఆ పట్టా మీది గింజ మాత్రం ఈ ఇంట్లో మనిషి నోట్లోకి పోదు.

అల్లుడు: ఎందుకని? మనం పండించిందేగా?

అత్త: పండించింది మనమే. తినడానికని ఎవరన్నారు? హనుమాన్ జంక్షన్ వైపు ఎన్ని కోళ్లఫారాలున్నాయో చూశావుగా. కొంత అక్కడికి పోతుంది, కొంత గంజిపొడి చేసే ఫ్యాక్టరీలకి పోతుంది. లారీ వచ్చేదాకానే దానికీ మనకీ చుట్టరికం.

అల్లుడు: మన ఇంట్లో కోడి తింటుంది, కోడిని మనం తింటాం, గుడ్డు మనం తింటాం. మధ్యలో కోడి లేకుండా తింటే మాత్రం పరువు పోతుందా? అసలు మాట చెప్పత్తా. నీకున్నది గింజ మీద అనుమానం కాదు, చిన్నతనం. మొక్కజొన్న అంటే లేనివాళ్ల తిండని.

అత్త: ఉందనే అనుకో. నాకు చిన్నప్పటి బడి గుర్తుంది. 1960ల్లో కేర్ సంస్థ ద్వారా అమెరికా నుంచి పిండి వచ్చేది. మొక్కజొన్న, సోయా కలిపిన పసుప్పచ్చటి పిండి. దానితో బళ్లో ఉప్మా చేసి పెట్టేవాళ్లు. ఇంట్లో అన్నం ఉన్న పిల్లలం ముక్కు మూసుకుని అవతలికి పోయేవాళ్లం. లేని పిల్లలు గిన్నెలు పట్టుకుని వరసలో నిలబడేవాళ్లు. ఆ రంగు చూస్తే నాకిప్పటికీ ఆ వరసే కనబడుతుంది. తప్పో ఒప్పో, ఉన్నమాట అది.

అల్లుడు: విచిత్రమేమిటో తెలుసా? ఆఫ్రికాలోనూ అచ్చం ఇదే మాట. కెన్యాలో, జింబాబ్వేలో తినేది తెల్ల మొక్కజొన్న. పసుపుది పశువులకి. కరువొచ్చినప్పుడు బయటి దేశాల నుంచి సాయంగా వచ్చింది పసుపు గింజ కాబట్టి, అది తినడమంటే చేయి చాచినట్టని వాళ్లకీ నామోషీ. 1992లో ఆఫ్రికా దక్షిణ దేశాల్లో పెద్ద కరువు వచ్చినప్పుడు పసుపు పిండి తిన్నవాళ్లు ఆ సంగతి ఇప్పటికీ ఒక దెబ్బలా చెప్పుకుంటారు.

అత్త: చూశావా! మొక్కజొన్నే ప్రాణమన్న వాళ్లు కూడా ఈ రంగు గింజ పశువులదే అన్నారు. నువ్వు నాకు సాక్ష్యం తెస్తున్నావా, నీకా?

అల్లుడు: రంగులో ఏముందత్తా! పసుపు గింజలో విటమిన్ ఏ తయారుచేసే పదార్థం ఉంది, తెల్లదానిలో అది దాదాపు లేదు. ఆరోగ్యశాఖలో చేసిన నీకు నేను చెప్పాలా? అక్కడ తెల్లదే ఎందుకు పాతుకుపోయిందంటే, ఇంగ్లీషు దొరల కాలంలో గనుల్లో, తోటల్లో కూలీలకి రేషనుగా కొలిచి ఇచ్చింది తెల్ల పిండి. మర ఆడిన తెల్లటి పిండి పట్నపు తిండి అనిపించుకుంది. మనకి మరబియ్యం ఎలాగో వాళ్లకి అది అలాగ.

అత్త: మరి అంతకుముందు ఏం తినేవాళ్లు? మొక్కజొన్న వాళ్లది కూడా కాదుగా, అమెరికా ఖండం గింజ.

అల్లుడు: అడుగుతావనే చూస్తున్నాను. రాగి ముద్ద, జొన్న ముద్ద. ఉగాలీ అసలు వాటితోనే. ఇప్పటికీ పడమటి కెన్యాలో రాగి ఉగాలీ చేస్తారు, పెళ్లిళ్లలో పెద్దలకి వడ్డిస్తారు. కొలంబస్ 1492లో అటు పోయాక, పోర్చుగీసు ఓడల్లో మొక్కజొన్న ఆఫ్రికా తీరానికి చేరింది. రాగిని చేలల్లోంచి నెట్టి అది కూచున్నది ఈ నూరేళ్లలోనే. ఇంకో సంగతి: రాగి పుట్టిల్లు తూర్పు ఆఫ్రికా ఎత్తు నేలలు, జొన్న పుట్టిల్లు సూడాన్ వైపు, సజ్జ పుట్టిల్లు పశ్చిమాఫ్రికా. మూడూ వేల ఏళ్ల కిందట సముద్రం దాటి ఇక్కడికి వచ్చాయి. నాయనమ్మ తిన్న జొన్న సంకటి ఆఫ్రికా గింజ. మనం ఎప్పటినుంచో వాళ్ల తిండే తింటున్నాం.

అత్త: మా అమ్మ సంకటి తిన్నది నిజమే. ఇది మెట్ట. కింద డెల్టాలో 1855లో ఆనకట్ట కట్టారు, కాలవ కింద వాళ్లు వరన్నం తిన్నారు. మనకి చెరువు నిండితే వరి, లేకపోతే జొన్న. పండక్కి, చుట్టం వస్తే వరన్నం. 1983లో రామారావుగారు కిలో రెండు రూపాయలకి బియ్యం ఇచ్చాక మెట్ట ఊళ్లలో ఆ తేడా చెరిగిపోయింది. ఆ ఏడాది నుంచీ రోకలి మూలన పడింది. అది చూసి కన్నీళ్లు పెట్టుకున్న ఆడది ఒక్కతీ నాకు కనబడలేదు. తెల్లారుజామున లేచి జొన్నలు దంచినవాళ్లకి తెలుసు ఆ రెండు రూపాయల విలువ. అందుకని పాతవన్నీ గొప్పవి, పోయాయే అని నా దగ్గర ఏడవకు.

అల్లుడు: నేను ఏడవడం లేదు. ఆకలేసి వండుకుంటానంటున్నాను. ఎసరు మరుగుతోంది, పిండి పోస్తా.

అత్త: ఆగాగు, అలా దోసెడు దోసెడు కుమ్మరిస్తే ఉండలు కడుతుంది. ముందు కాస్త పిండి చల్లనీళ్లలో కలిపి జావ పోయి. జావ చిక్కబడ్డాక మిగతా పిండి వెయ్యి. సంకటికైనా అంతేగా, ముందు నూక ఉడకాలి, తర్వాతే పిండి.

అల్లుడు: కెన్యాలో నేరుగా పోస్తారు. నువ్వు చెప్పింది జాంబియా పద్ధతి. అక్కడ ముందు పలచగా జావ కాచి, మూతపెట్టి కాసేపు కుతకుత ఉడకనిస్తారు, ఆ తర్వాతే గట్టిపిండి.

అత్త: ఏ దేశం పద్ధతో నాకు తెలియదు. పచ్చివాసన పోవాలంటే ఇదే దారి. చెయ్యి వెనక్కి తీసుకో, జావ చిందితే అంటుకుపోతుంది, బొబ్బలెక్కుతుంది.

అల్లుడు: నాలుగు గ్లాసుల నీళ్లకి రెండున్నర గ్లాసుల పిండి. కొందరు మూడు కూడా వేస్తారు, కత్తితో కోసేంత గట్టిగా ఉండాలని. ఇక్కణ్నించి తెడ్డు పని. గిన్నె అంచుకేసి నొక్కుతూ, మళ్లీ మధ్యలోకి లాగుతూ తిప్పాలి. ఉండలన్నీ అక్కడే చితుకుతాయి. పిండి గిన్నెని వదిలి ఒక్క ముద్దగా తెడ్డుతోపాటు తిరిగిందంటే దారిలో పడ్డట్టు.

అత్త: ఇలా తే తెడ్డు. నీ భుజాలకి ఇది చేతకాదు. కాళ్ల మధ్య గిన్నె బిగించి తిప్పిన చేతులు ఇవి. ఉప్పేదీ?

అల్లుడు: ఉప్పు వెయ్యరు.

అత్త: చప్పిడి ముద్దా?

అల్లుడు: అన్నంలో నువ్వు ఉప్పేస్తావా? ఇదీ అంతే. రుచి కూరలో ఉంటుంది. ఇప్పుడు మంట తగ్గించి మూతపెట్టు. అయిదారు నిమిషాలు మగ్గాలి. పేలాలు వేగిన వాసన వచ్చిందంటే అయిపోయినట్టే. తొందరపడి దించితే నోటికి పిండి తగులుతుంది, కడుపులో బరువుగా కూచుంటుంది.

అత్త: అడుగున మాడు కడుతోంది.

అల్లుడు: కట్టనీ. దాన్ని గీకి పిల్లలకిస్తారు, కరకరలాడుతుంది. ఇక పళ్లెంలో బోర్లించు. తడిచెయ్యితో గుండ్రంగా అదుము. అందరూ ఒక్క పళ్లెం చుట్టూ కూచుని, వేళ్లతో తుంచుకుని, ఉండ చేసి, బొటనవేలితో నొక్కితే గుంట పడుతుంది. ఆ గుంటలోకి కూర ఎత్తుకుని తినడమే. మలావీ వాళ్ల న్సీమా వంటని, తినే మర్యాదని కలిపి 2017లో యునెస్కో అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది.

అత్త: జాబితాలో చేరితే రుచొస్తుందా? కూర ఏం చేశావు?

అల్లుడు: పొద్దున చేలో కలుపు తీసేవాళ్ల దగ్గర వామింటాకు ఏరుకొచ్చాను. వాళ్లు నవ్వారు. కెన్యాలో దీన్ని కట్టలు కట్టి బజార్లో అమ్ముతారు. పీకి గట్టున పడేసేదాన్ని అక్కడ విత్తనం చల్లి పెంచుతారు. చేదు పోవడానికి ఉడికాక కాసిని పాలు పోస్తారు. తోటకూర అక్కడా ఉంది. కామంచి ఆకు, అలసందల ఆకు కూడా వండుతారు. నెత్తళ్లలాంటి చిన్న ఎండుచేపలు విక్టోరియా సరస్సులోంచి వస్తాయి, టమాటా వేసి పులుసు పెడతారు.

అత్త: వామింట కూర బాగుంది. పాలు పోసి ఆకుకూర వండడం మాత్రం కొత్త. ముద్ద… నోట్లో పెట్టుకుంటే పరవాలేదు. రాగి సంకటిలా జారదు, జొన్న సంకటిలా గరగరలాడదు. కాస్త ఆవకాయ కలిపితే?

అల్లుడు: అదీ చేశాను, నైరోబీలో ప్రతి ఆదివారం. నెయ్యి వేసుకుంటే ఇంకా బాగుంటుంది. దక్షిణాఫ్రికా తెలుగువాళ్లకీ ఇది తెలుసు. 1860 నవంబరులో మద్రాసు నుంచి ట్రూరో ఓడ డర్బన్ చేరింది. ఆ తర్వాత యాభై ఏళ్లపాటు మన జిల్లాల నుంచి కూడా ఎందరో ఒప్పంద కూలీలుగా నేటాల్ చెరకుతోటలకి పోయారు. వాళ్లకి రేషను బియ్యం, పప్పు, ఉప్పు. బియ్యం అందనప్పుడు కొలిచింది మొక్కజొన్న పిండి. నూకలా దంచిన మొక్కజొన్నని అన్నంలా వండుకుని పప్పు పోసుకున్న ఇళ్లు అక్కడ చాలా ఉన్నాయి. జూలూవాళ్లు పొడిపొడిగా చేసే ఫుటు, పుల్లటి పెరుగుతో తింటారు. మనవాళ్లకి పెరుగన్నం దొరికినట్టయింది. అలా పోయినవాళ్ల పిల్లలే 1931లో అక్కడ ఆంధ్ర మహాసభ పెట్టుకున్నారు.

అత్త: దొరక్క తిన్నారు, అలవాటై తిన్నారు. ఇప్పుడు నేను మాట్లాడతా విను. నలభై ఏళ్ల కిందట ట్రైనింగులో మాకు పెల్లాగ్రా అని ఒక జబ్బు చెప్పేవాళ్లు. ఎండ తగిలినచోట చర్మం నల్లబడి పగులుతుంది, మెడచుట్టూ హారం వేసినట్టు మచ్చ వస్తుంది, విరేచనాలు, చివరికి మతి చెడుతుంది. మొక్కజొన్న తప్ప మరేం దొరకని వాళ్లకి వస్తుంది. వందేళ్ల కిందట అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో బీదవాళ్లు దానితో రాలిపోయారు. గోల్డ్‌బెర్గర్ అనే డాక్టరు అది అంటువ్యాధి కాదు, తిండి లోపం అని తేల్చాడు. నయాసిన్ అనే విటమిన్ దానికి మందని 1937లో బయటపడింది. మొక్కజొన్నలో నయాసిన్ ఉంటుంది, కానీ ఒంటికి పట్టకుండా బిగుసుకుని ఉంటుంది.

అల్లుడు: మెక్సికోవాళ్లకి ఆ జబ్బు లేదుగా? అక్కడ పుట్టిన గింజే.

అత్త: వాళ్లు గింజని సున్నపునీళ్లలో ఉడికించి, నానబెట్టి, కడిగి రుబ్బుతారు. సున్నం తగిలితే ఆ బిగువు వదులుతుంది. సున్నపుతేట మనకీ తెలిసిందే. గింజ ఓడెక్కింది, సున్నం ఎక్కలేదు. నీ ఉగాలీలో సున్నం ఉందా?

అల్లుడు: లేదు.

అత్త: మరి? 1990లో మొజాంబిక్ నుంచి పారిపోయి మలావీ శిబిరాల్లో తలదాచుకున్నవాళ్లకి రేషనులో మొక్కజొన్నతోపాటు వేరుశనగ ఇచ్చేవాళ్లు. వేరుశనగ రావడం ఆగిపోయింది. నెలలు తిరక్కుండా 18 వేల మందికి పైగా పెల్లాగ్రా. గుప్పెడు వేరుశనగకి అంత తేడా!

అల్లుడు: నువ్వు చెప్పింది మొక్కజొన్న నేరం కాదత్తా, ఒంటరి మొక్కజొన్న నేరం. పక్కన పప్పో, చేపో, వేరుశనగో ఉంటే ఆ జబ్బు రాదు. పైగా జొన్న తిన్నవాళ్లకీ వచ్చిందిగా?

అత్త: వచ్చింది. కూనూరు నుంచి 1958లో హైదరాబాదుకి మారిన పోషకాహార పరిశోధనాలయంలో గోపాలన్‌గారు, శ్రీకాంతయ్యగారు దాని మీదే పనిచేశారు. దక్కనులో జొన్న తినే పేదల్లో పెల్లాగ్రా ఎందుకొస్తోందని వెతికి, జొన్నలో ల్యూసిన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువ కావడం కారణమని 1960లో రాశారు. దాని మీద తర్వాత చాలా వాదాలు నడిచాయనుకో. ఆ పరిశోధనాలయమే ఇప్పటి జాతీయ పోషకాహార సంస్థ, ఎన్‌ఐఎన్.

అల్లుడు: మరబియ్యం మాత్రం మంచిదా? బెరిబెరి ఎక్కడిది? 1930ల్లో కూనూరు పరిశోధనాలయం వాళ్లు ఉత్తర సర్కారు జిల్లాలకి వచ్చి చూసింది ఆ జబ్బునేగా? విశాఖపట్నం నుంచి మన కృష్ణా దాకా తెల్లటి మరబియ్యం, చింతపండు చారు తప్ప మరేం లేని ఇళ్లలో తల్లిపాలు తాగే పసివాళ్లు పోయారు. తవుడు పారబోసి తెల్లబియ్యం తిన్నందుకు. ఏ గింజైనా ఒంటరిగా కంచంలో కూచుంటే జబ్బే. దీనికి మొక్కజొన్నకి వేరే శిక్ష ఎందుకు?

అత్త: సరే, ఈ మాట ఒప్పుకుంటున్నాను. పక్కన కూర లేకపోతే అన్నమైనా అంతే.

అల్లుడు: అయితే మర పట్టించుకోవచ్చుగా?

అత్త: కంగారుపడకు. అసలు సంగతి ఇప్పుడు చెబుతా. పట్టా దగ్గరికి రా. ఈ గుప్పెడు గింజలు చేతిలో పోసుకుని చూడు.

అల్లుడు: బాగానే ఉన్నాయి… కొన్ని నలిగాయి. ఇది నల్లగా ఉంది. ఇక్కడ పచ్చటి బూజు.

అత్త: కోత యంత్రం ఒలిచేటప్పుడు కొన్ని గింజలు పగులుతాయి. పగిలినచోట బూజు పడుతుంది. ఆరబోసింది రోడ్డు వార, లారీల దుమ్ము. మొన్న రాత్రి గాలివాన వస్తే పట్టా కప్పేలోపే ఒక వార తడిసింది. పొద్దున మళ్లీ పరిచాం. కొనేవాడు మీటరు గుచ్చి తేమ 14 శాతం ఉందా అని చూస్తాడు. అంతకుమించితే ధర తగ్గిస్తాడు. బూజు ఎంత ఉందని చేత్తో ఏరి చూసేవాడు ఎవడు? అది కోడికేగా అనుకుంటాం. కోడికీ మంచిది కాదనుకో, అది వేరే సంగతి.

అల్లుడు: అఫ్లాటాక్సిన్.

అత్త: తెలుసన్నమాట! 1974లో గుజరాత్ పంచమహల్, రాజస్థాన్ బాన్స్‌వాడా జిల్లాల్లో అకాలవర్షానికి తడిసిన మొక్కజొన్న తిని కామెర్లతో నూరుమందికి పైగా పోయారు. అది అఫ్లాటాక్సిన్ పని అని చూసి రాసింది మన ఎన్‌ఐఎన్ వాళ్లే. మొక్కజొన్నే తిండిగా ఉన్న ఊళ్లవి. మాకు ట్రైనింగులో ఆ కేసు చెప్పినప్పటి నుంచీ బూజు గింజ చూస్తే నాకు కడుపులో తిప్పుతుంది.

అల్లుడు: కెన్యాలోనూ జరిగింది. 2004లో తూర్పు జిల్లాల్లో, మకువేని, కిటుయి వైపు. 317 మందికి జబ్బు, 125 మంది చనిపోయారు. ఎక్కువమంది ఇంట్లో పండించి, తడి ఆరకముందే లోపల పోసుకున్నవాళ్లు.

అత్త: ఉడికిస్తే పోతుందా అది?

అల్లుడు: పోదు. వంట వేడికి లొంగదు.

అత్త: మరి నేను కాదంటే చిన్నతనం అన్నావు. ఇళ్లలోకి బుడమేరు వరద వచ్చిన 2024 సెప్టెంబరు గుర్తుందిగా? మన మండలంలోనే గట్టు తెగింది. తడిసిన ధాన్యాన్ని జనం ఎండబెట్టుకున్నారు. తినడానికి ఏది, అమ్మడానికి ఏది, పారేయడానికి ఏది అని ఆ రోజు ప్రతి ఇల్లూ గింజ గింజకీ లెక్క చూసుకుంది. బియ్యం విషయంలో మనకి ఆ చూపు ఉంది. మొక్కజొన్న విషయంలో లేదు, ఎందుకంటే దాన్ని ఎప్పుడూ తినలేదు. కెన్యా ఆడవాళ్లకి ఉండే ఉంటుంది.

అల్లుడు: ఉంది. పిండిమరకి తీసుకెళ్లే ముందు చాటలో చెరిగి, రంగు మారినవి, పగిలినవి ఏరేస్తారు. అలా ఏరితేనే విషం చాలామటుకు తగ్గుతుందని అక్కడి వ్యవసాయ అధికారులూ చెబుతారు. అక్కడ పిండి ధర అంటే రాజకీయం. 2017 ఎన్నికల ముందు రెండు కిలోల పొట్లం 90 షిల్లింగులకే దొరికేలా ప్రభుత్వం రాయితీ ఇచ్చింది. మన రెండు రూపాయల బియ్యం లాంటిదే. తినే గింజ కాబట్టి దాని కోసం అడిగేవాళ్లుంటారు.

అత్త: నేను చెప్పేదీ అదే. మన తోట సంగతే చూడు. ప్రతి ఏడూ కాపు గుత్తకిస్తాం. గుత్తదారు ఏ మందు కొడతాడో, ఎప్పుడు కోస్తాడో, ఏ పొడితో పండిస్తాడో మనం అడగం. అది నున్న మార్కెట్ కాయ. కానీ బావి పక్కన రెండు చిన్నరసాల చెట్లు ఇంటికని విడిగా ఉంచుకుంటాం. వాటికి మందు కొట్టం, ముదిరాక దించుతాం, గడ్డిలో మగ్గబెడతాం. తోట ఒకటే, మట్టి ఒకటే. అమ్మే కాయ వేరు, తినే కాయ వేరు. మొక్కజొన్నలో మనకి ఆ రెండు చెట్లు లేవు. మొత్తం గుత్తదారు కాయే.

అల్లుడు: ఇంత దూరం ఆలోచించి, ఇందాక ‘కోళ్ల దాణా’ అని నోరు నొక్కేశావేం?

అత్త: దాణా అనే ఇప్పటికీ అంటాను. దాణా కోసం పండించి, దాణా కోసం ఆరబెట్టి, దాణా ధరకి అమ్మేది దాణా కాక ఏమవుతుంది? అది గింజని తిట్టడం కాదు.

అల్లుడు: అయితే మనమూ ఆ రెండు చెట్లు పెట్టుకుందాం. మొక్కజొన్నని తినే కత్తెర పురుగు 2016లో ఆఫ్రికాలో కనబడి, 2018కల్లా కర్ణాటక మీదుగా మన చేలకి వచ్చేసింది. పురుగు వచ్చిన దారిన ముద్ద ఎందుకు రాకూడదు?

అత్త: పురుగుకి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ముద్దకి చాకిరీ కావాలి. ఏం చెయ్యాలో చెబుతా, చేస్తానంటే ఒప్పుకుంటా. వచ్చే రబీలో బోరు పక్కన నాలుగు సాళ్లు వదులుతాను. ఆ కండెల మీద యంత్రం పెట్టకూడదు. చేను మీదే బాగా ఎండనిచ్చి చేత్తో విరవాలి. పైతొడుగు వెనక్కి ఒలిచి జంటలు కట్టి, దూలానికి వేలాడగట్టాలి. మా నాన్న విత్తనానికి అలాగే ఉంచేవాడు. నేలకి తగలకూడదు, గాలాడాలి. ఒలిచేటప్పుడు కండె కండెకీ చూసి బూజు పట్టినచోటు పక్కన పడెయ్యాలి. పిండి కూడా ఒకేసారి ఆడించకూడదు.

అల్లుడు: అది నిజం. గింజలోని మొలకలో నూనె ఉంటుంది, పిండి నిలవుంటే ముక్కిపోతుంది. అందుకే దుకాణాల పొట్లంలో మొలక, పైపొర తీసేస్తారు. నిలవ ఉంటుంది, బలం తగ్గుతుంది. కెన్యాలో 2012 నుంచి ఆ పిండిలో విటమిన్లు తిరిగి కలపాలని చట్టం పెట్టారు. మనం వారానికి సరిపడా ఆడించుకుంటే మొలకతో సహా తినొచ్చు. అన్నట్టు తెల్ల విత్తనం దొరుకుతుందేమో చూడనా?

అత్త: ఎందుకు? రంగులో ఏముందని ఇందాకట్నించి నువ్వే వాదించావు. పసుపుదే వేస్తాను. పచ్చ ఉప్మా మీద నా కోపం నేను చూసుకుంటాను, తెల్లపిండి మీద మోజు నువ్వు వదులుకో.

అల్లుడు: వదిలా. మరి వారానికి రెండుసార్లు మధ్యాహ్నం భోజనం ఉగాలీ. ఒప్పందమేనా?

అత్త: మధ్యాహ్నమా! అన్నం లేకుండా మీ మామయ్య లేస్తాడా? రాత్రికి, మజ్జిగతో, అన్నానికి ముందు చిన్న ముద్ద.

అల్లుడు: అది టిఫిను. నేను చెప్పేది భోజనం. పక్కన వామింటో తోటకూరో, పప్పు, ఎండుచేపల పులుసు. అన్నంతో ఏం తింటామో అవన్నీ దీనితో. అన్నం పక్కన నంజుకునేదిగా పెడితే నెల తిరక్కుండా అది మాయమవుతుంది. రాగులకి అదేగా అయింది? భోజనం జావ అయింది, జావ కాస్తా షుగరు వ్యాధివాళ్ల మందయింది.

అత్త: ఆ మాటలో నిజముంది. కానీ ఒకపూట పూర్తిగా మార్చుకోమని నువ్వు చెప్పి నైరోబీ విమానం ఎక్కుతావు. తెడ్డు తిప్పేది నేను. నా భుజం నొప్పికి నీ యునెస్కో ఏం చేస్తుంది?

అల్లుడు: ఏప్రిల్లో సెలవు పెట్టుకుని వస్తాను. కండెలు విరిచేది, కట్టేది, ఒలిచేది, ఏరేది నేను. ఉన్నన్నాళ్లూ తెడ్డూ నాదే. వెళ్లేలోపు మామయ్యకి నేర్పి వెళతాను.

అత్త: ఆయన తెడ్డు పట్టడం చూడ్డానికైనా నాలుగు సాళ్లు వెయ్యాల్సిందే! సరే, గింజ ఏరినవాడిదే మాట. మధ్యాహ్నమే పెట్టుకో. ఒక్క బూజు గింజ నా కంటబడిందో, ఆ పూటకి అందరికీ అన్నమే.